పరుపులో ఏముందో చెప్పరేం?

లాప్‌టాప్ కొనాలంటే మనవాళ్ళు చేసే హడావుడి ఇంతా అంతా కాదు. ప్రాసెసరు ఏ తరానిది, మెమరీ ఎంత, బ్యాటరీ ఎన్ని గంటలొస్తుంది అని అన్నీ ఒక ఎక్సెల్ షీటులోకి ఎక్కించి, నలుగురు స్నేహితులకి పంపించి, వాళ్ళచేత ఔననిపించుకున్నాక గానీ జేబులోంచి కార్డు తియ్యరు. అదే మనిషి దాదాపు అంత డబ్బే పోసి పరుపు కొనేటప్పుడు మాత్రం, దుకాణంలో రెండు నిమిషాలు నడుం వాల్చి "మెత్తగానే ఉందిలే" అని బిల్లు కట్టేస్తాడు. ఆ మనిషిని నేనే కాబట్టి ఇంత ధైర్యంగా చెప్తున్నాను.

నా ఉద్యోగం కంపెనీలకి ఏ సాఫ్ట్‌వేరు కొనాలో సలహా చెప్పటం. అమ్మేవాడి కబుర్లు పక్కనపెట్టి లోపల ఏముందో అడగండి, రాతపూర్వకంగా తీసుకోండి అని ఊరందరికీ చెప్తుంటాను. 2019లో ఇక్కడ ఆక్లాండ్‌లో మేము క్వీన్ సైజు పరుపు కొన్నప్పుడు ఆ సలహాల్లో ఒక్కటీ నాకు గుర్తు రాలేదు. అసలు ధర 3600 డాలర్లట, ఆ వారాంతానికి మాత్రం 1799 అట. (ఆ తర్వాత నేను ఆ దుకాణం ముందునుంచి వెళ్ళిన ప్రతిసారీ "ఈ వారాంతం మాత్రమే" అన్న బోర్డు అక్కడే ఉంది.) పైన దిండులాగా మెత్తటి పొర, కింద స్ప్రింగులు, పదేళ్ళ వారంటీ. ఇంకేం కావాలి?

రెండున్నరేళ్ళు తిరిగేసరికి పరుపు మీద రెండు గుంటలు పడ్డాయి. నాదొకటి, మా ఆవిడదొకటి. మధ్యలో పొలం గట్టులాగా ఒక ఎత్తు. నాకు పెద్దగా తెలియలేదు గానీ, తను పొద్దున్నే లేచి కాసేపు నడుం పట్టుకుని నిలబడితే గానీ వంటింట్లోకి రాలేని స్థితికొచ్చింది. డాక్టరు దగ్గరికెళ్తే నొప్పి మాత్రలు రాసి, "పరుపు ఎలా ఉంది?" అని అడిగారు. అప్పుడు గానీ మాకు వెలగలేదు.

దుకాణానికి ఫోను చేస్తే ఒకాయన దారం, స్కేలు పట్టుకొచ్చాడు. పరుపు ఈ అంచునుంచి ఆ అంచుకి దారం బిగించి కట్టి, గుంట లోతు కొలిచాడు. 26 మిల్లీమీటర్లు. వారంటీ కాగితంలో చిన్నక్షరాల్లో ఏముందంటే, 30 మిల్లీమీటర్లు దాటితేనే అది లోపం కిందికి వస్తుంది. అంటే ఇంకో నాలుగు మిల్లీమీటర్లు కుంగేదాకా మా ఆవిడ నడుం ఓపిక పట్టాలన్నమాట. పైగా ఆ కొలత ఎవరూ పడుకోనప్పుడు తీసింది. మనిషి పడుకున్నప్పుడు ఎంత కుంగుతుందో వారంటీకి అనవసరం. మీ ఇంట్లో పరుపు వారంటీ కాగితం ఉంటే ఒకసారి తీసి చూడండి. ఇలాంటి నిబంధన చాలా కంపెనీల కాగితాల్లో ఉంటుంది. హాయి తగ్గటం లోపం కాదనీ, పరుపు మీద మరక పడితే వారంటీ చెల్లదనీ కూడా రాసి ఉంటుంది. పదేళ్ళు అన్నది పరుపు ఆయుష్షు అని నేననుకున్నాను. వాళ్ళ లెక్కలో అది స్ప్రింగు విరగకుండా, కుట్టు ఊడకుండా ఉండే గడువు మాత్రమే.

అయితే న్యూజీలాండ్‌లో వారంటీ కంటే పెద్దది ఇంకొకటుంది. కన్స్యూమర్ గ్యారంటీస్ యాక్ట్ అని 1993లో వచ్చిన చట్టం. ఇంటి వాడకానికి కొన్న వస్తువు నాణ్యంగా ఉండాలి, దాని ధరకీ స్వభావానికీ తగినంత కాలం మన్నాలి, లేకపోతే అమ్మిన దుకాణమే బాధ్యత వహించాలి అంటుందది. "తయారీదారుతో మాట్లాడుకోండి" అని తప్పించుకోవటానికి లేదు, వారంటీ కాగితంలో ఏం రాసుకున్నా ఈ హక్కు పోదు. "తగినంత కాలం" అంటే ఎన్నేళ్ళో చట్టం అంకె చెప్పదు. కానీ పద్దెనిమిది వందల డాలర్ల పరుపు రెండున్నరేళ్ళకే గుంటపడటం సబబు అని ఎవరైనా వాదించగలరా? నేను ఇదే మాట ఒక పేజీ ఉత్తరంలో రాసి, ఫోటోలు జతచేసి, కుదరకపోతే డిస్ప్యూట్స్ ట్రిబ్యునల్‌కి వెళ్తానని చివర్లో మర్యాదగా చెప్పాను. ఆ ట్రిబ్యునల్లో లాయర్లు ఉండరు, ఫీజు కొద్దిపాటి, కాగితాలన్నీ అంతర్జాలంలోనే పెట్టుకోవచ్చు. అక్కడిదాకా పోనక్కర్లేకుండానే పది రోజులకి డబ్బు వెనక్కి వచ్చింది. (నచ్చలేదని తిరిగిచ్చేస్తామంటే ఈ చట్టం పనికిరాదు. ట్రేడ్ మీలో ఒక మామూలు మనిషి దగ్గర పాత పరుపు కొన్నా వర్తించదు. ఇక బిల్లు కట్టేటప్పుడు అంటగట్టే అదనపు వారంటీ సంగతి: చట్టం ఊరికే ఇచ్చే హక్కుకంటే అందులో ఎక్కువ ఏముందో చూపించాలని 2014 నుంచి నిబంధన ఉంది. ఆ పోలిక చదివితే చాలామంది కొనరు.)

పాత పరుపు మాకే వదిలేశారు. పారేసేముందు దాన్ని కత్తితో కోసి చూద్దామనిపించింది. లోపల స్ప్రింగులు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. పైన ఉన్న ఫోమ్ పొర మాత్రం నేను పడుకున్నచోట పచ్చబడి, వేలితో నొక్కితే తిరిగి పైకి లేవటానికి బద్ధకిస్తోంది. 30 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 5 మందం ఉన్న ముక్క ఒకటి గుంట పడనిచోట కోసి వంటింటి త్రాసు మీద పెట్టాను. 86 గ్రాములు. లెక్క కడితే ఘనపు మీటరుకి 19 కిలోలు.

ఈ 19 అన్న అంకె కోసమే ఈ వ్యాసమంతా. ఫోమ్ అంటే పాలీయురెథేన్ గోడలున్న గాలి బుడగల సముదాయం. సాంద్రత తక్కువంటే గోడలు తక్కువ, గాలి ఎక్కువ. రోజూ ఎనిమిది గంటలు, డెబ్భై ఎనభై కిలోల మనిషి, అదే చోట. గోడలు పల్చగా ఉంటే అవి అలిసిపోయి విరుగుతాయి, గుంట పడుతుంది. మామూలు ఫోమ్ అయితే పెద్దవాళ్ళు రోజూ పడుకునే పరుపు పై పొరల్లో 30 దరిదాపుల్లో ఉంటే నిశ్చింత, 25కి తక్కువైతే అతిథుల గదికి సరిపోతుంది. మెమరీ ఫోమ్ అయితే 50కి తగ్గకూడదు. సహజ రబ్బరు లేటెక్స్ ఇంకా బరువు, అందుకే ఎక్కువ కాలం మన్నుతుంది, అందుకే ధరా ఎక్కువ.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు పడతారు. సాంద్రత వేరు, గట్టిదనం వేరు. పల్చటి ఫోమును గట్టిగా తయారుచెయ్యచ్చు, చిక్కటి ఫోమును మెత్తగా తయారుచెయ్యచ్చు. అందుకే ఈ దేశంలోనూ ఆస్ట్రేలియాలోనూ ఫోమ్ వ్యాపారులు రెండంకెల గుర్తు వాడతారు. 23-130 అంటే ఘనపు మీటరుకి 23 కిలోలు, నొక్కటానికి 130 న్యూటన్ల బలం కావాలి అని. మొదటి అంకె మన్నిక, రెండో అంకె మెత్తదనం. దుకాణంలో నడుం వాల్చినప్పుడు మనకి తెలిసేది రెండో అంకె ఒక్కటే! మొదటిది రెండేళ్ళ తర్వాత తెలుస్తుంది.

ఫోమ్ కోసి అమ్మే దుకాణానికెళ్ళి సోఫా దిండు కోసం అడగండి, చాలాచోట్ల ఈ గ్రేడు చెప్తారు. నలభై డాలర్ల దిండుకి చెప్పే అంకెని రెండువేల డాలర్ల పరుపుకి ఎందుకు చెప్పరు? పరుపు చీటీ మీద "స్వర్గసుఖం", "మేఘాల స్పర్శ" లాంటి పేర్లు, వాటి పక్కన జెల్ అనీ వెదురు అనీ రాగి అనీ ఏవో ఉంటాయి. సాంద్రత మాత్రం ఉండదు. అదీగాక పరుపుల వ్యాపారంలో పాత అలవాటు ఒకటుంది, ఒకే కర్మాగారం ఇంచుమించు ఒకే పరుపుని ఒక్కో దుకాణానికి ఒక్కో పేరుతో ఇస్తుంది. పక్క దుకాణంతో ధర పోల్చుదామంటే ఆ పేరు అక్కడ ఉండదు. "ఇంకెక్కడైనా తక్కువకి దొరికితే తేడా ఇస్తాం" అని వాళ్ళు అంత ధీమాగా చెప్పేది ఇందుకే.

జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో పాత కార్ల సంత గురించి ఒక చిన్న పత్రం రాశాడు. కారు బాగోగులు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు కాబట్టి కొనేవాడు మంచి కారుకి కూడా సగటు ధరే ఇస్తానంటాడు. దాంతో మంచి కార్లున్నవాళ్ళు సంతకి రావటం మానేస్తారు, మిగిలేవి డొక్కువే. 2001లో ఆయనకి నోబెల్ బహుమతి రావటంలో ఈ పత్రానిదే పెద్ద పాత్ర. పరుపుల దుకాణంలో నిలబడితే నాకు ఆ సంతే కనిపిస్తుంది. నిజంగా మంచి ఫోమ్ వాడే తయారీదారుకి కూడా ఈ మౌనం వల్ల నష్టమే. తన డబ్బు ఎక్కడ పెట్టాడో కొనేవాడికి చూపించే మార్గం లేదు మరి.

మా చిన్నప్పుడు ఏలూరులో ఈ గొడవ ఉండేది కాదు. దూదేకేవాళ్ళు విల్లు భుజాన వేసుకుని వీధిలోకి వచ్చేవారు. మా మామ్మ అరుగు మీద కూర్చుని మొదట అడిగే మాట "ఎన్ని కిలోలు పోస్తావు?" అని. ఎనిమిది కిలోల పరుపా, పది కిలోల పరుపా అన్నదాన్ని బట్టే బేరం. తర్వాత దూది గుప్పెట్లోకి తీసుకుని, బూరుగు దూదో పత్తి దూదో, గింజలున్నాయో లేదో చూసేది. కొలతలు తెలిసిన గుడ్డ, తూచిన దూది. అంటే సాంద్రతే కదా! ఆవిడకి ఘనపు మీటరు తెలియదు గానీ నేను కత్తిపెట్టి కోస్తేగానీ తెలుసుకోలేని అంకె ఆవిడ బేరానికి ముందే తెలుసుకునేది. పైగా కొన్నేళ్ళకి దూది ఉండకడితే విప్పి, ఏకించి, మళ్ళీ కుట్టించేవాళ్ళు. ఫోముకి ఆ సౌకర్యం లేదు. అలాగని దూది పరుపు రోజులే బంగారం అనను. వర్షాకాలంలో ఆ ముక్క వాసన, ఎండలో వేసి మొయ్యలేక మోసిన బరువు నాకింకా గుర్తున్నాయి.

పరుపు అంటే ముప్పాతిక మువ్వీసం గాలి. గాలిని ఓడల్లో మోసుకొస్తే గిట్టుబాటు కాదు కాబట్టి ఏ ఊరి పరుపులు ఆ ఊళ్ళోనే తయారయ్యేవి. ఇక్కడ స్లీపీహెడ్ 1935లో ఆక్లాండ్‌లో పుట్టింది. మన హైదరాబాదులో సెంచురీ 1988లో మొదలయింది. గాలి పీల్చేసి చుట్టచుట్టి అట్టపెట్టెలో పెట్టే యంత్రాలు వచ్చాక ఆ రక్షణ పోయింది. ఇప్పుడు ఏ దేశంలో చేసిన పరుపయినా కొరియర్లో మన గుమ్మం ముందు దిగుతుంది. నేను దీన్ని చెడ్డ మార్పనను, ఎందుకంటే ఈ పెట్టె మనకి తెలియకుండానే ఒక రహస్యం చెప్పేస్తుంది. కొరియర్ కోసం దాని మీద బరువు రాయక తప్పదు!

ఫోమ్ పరుపైతే ఈ లెక్క చేసి చూడండి. ఇక్కడి క్వీన్ సైజు 153 సెంటీమీటర్లు, 203 సెంటీమీటర్లు. మందం 25 అనుకుందాం. గుణిస్తే 0.776 ఘనపు మీటర్లు. పెట్టె బరువు 21 కిలోలు అని ఉంటే, పైగుడ్డకీ అట్టపెట్టెకీ ఓ రెండు కిలోలు తీసెయ్యండి. 19ని 0.776తో భాగిస్తే 24న్నర. ఇది సగటు మాత్రమే, పై పొర కింది పొర విడివిడిగా తెలియవు. బరువు కోసం ఫోములో సుద్దపొడి లాంటివి కలిపే ఘనులూ ఉన్నారు. అయినా ఏమీ తెలియకపోవటం కంటే ఇది చాలా నయం. అదే మందంలో 50 సాంద్రత మెమరీ ఫోమ్ పైన 5 సెంటీమీటర్లు, కింద 28 సాంద్రతది 20 సెంటీమీటర్లు అన్నారంటే పైగుడ్డ కాకుండానే 25 కిలోలు తూగాలి. పెట్టె మీద 19 అని ఉంటే ఎక్కడో అబద్ధం ఉన్నట్టే. స్ప్రింగు పరుపులకి ఈ చిట్కా పనిచెయ్యదు, ఇనుము బరువు కలుస్తుంది కాబట్టి.

స్ప్రింగుల గురించి రెండు మాటలు. ఒక్కో స్ప్రింగుని ఒక్కో గుడ్డ సంచిలో కుట్టటం జేమ్స్ మార్షల్ అనే ఆయన 1900 ప్రాంతంలో పేటెంటు తీసుకున్న పాత ఆలోచన. ఒకరు కదిలితే రెండోవారికి తెలియదు, పసిపిల్లలున్న ఇంట్లో చాలా ఉపయోగం. ఎన్ని వేల స్ప్రింగులు అన్న లెక్క చూసి మాత్రం మోసపోకండి, నా పరుపులో అవన్నీ భేషుగ్గానే ఉన్నాయని చెప్పానుగా. ఇక మెమరీ ఫోమ్ నాసా వాళ్ళ సాంకేతికత అన్న ప్రకటన నిజమే, 1966లో చార్లెస్ యోస్ట్ నాసా కోసం విమానం సీట్ల మెత్తల కని తయారుచేశాడు. నాసావారు దాన్ని ఆక్లాండ్ చలికాలంలో పడకగదిలో పరీక్షించి ఉండరు. ఆ ఫోమ్ చల్లబడితే బిగుసుకుపోతుంది. 23 డిగ్రీల షోరూములో వెన్నలా అనిపించింది 12 డిగ్రీల గదిలో మొదటి పావుగంట బల్లచెక్కలా ఉంటుంది. వేడికి విద్యుత్ దుప్పటి వేద్దామంటే మా పరుపు మీద వద్దని రాసే తయారీదారులున్నారు, అడిగి కొనండి.

గట్టిదనం దగ్గర మనవాళ్ళకి ఒక మూఢనమ్మకం ఉంది. 2023 మేలో నాన్న ఆరు నెలలకని ఏలూరునుంచి వచ్చారు. నడుంనొప్పికి చెక్కబల్ల మీద పడుకోమని ఎప్పుడో ఒక డాక్టరు చెప్పాట్ట, ఇరవై ఏళ్ళుగా అదే పట్టుకున్నారు. మేము ఆయన గదిలో వేసిన పరుపు మెత్తగా ఉందని మూడోరోజే దాన్ని మంచం మీంచి లాగి నేల మీద వేయించుకున్నారు. "మామయ్యగారూ, ఇక్కడ నేల చల్లగా ఉంటుందండీ" అని మా ఆవిడ అంటే, "నా నడుం సంగతి నాకు తెలుసమ్మా" అన్నారు.

స్పెయిన్‌లో కోవాక్స్ అనే ఆయన బృందం దీర్ఘకాలం నడుంనొప్పి ఉన్న 313 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి గట్టి పరుపులు, ఇంకో జట్టుకి మధ్యరకం పరుపులు ఇచ్చి 90 రోజుల తర్వాత చూశారు. 2003లో లాన్సెట్‌లో అచ్చయింది. పడుకున్నప్పుడు నొప్పి, లేచినప్పుడు నొప్పి, పనులు చేసుకోలేకపోవటం, మూడింటిలోనూ మధ్యరకం జట్టే మెరుగు. నేను దాన్ని తెలుగులో చెప్పి వినిపించాను. "స్పెయిన్ వాళ్ళ నడుములు వేరు" అన్నారు నాన్న.

జూలై చివర్లో గది శుభ్రం చేద్దామని పరుపు ఎత్తితే కింద నల్లటి బూజు, చాప పరిచినట్టు. నిద్రలో మన ఒంటినుంచి, ఊపిరినుంచి వచ్చే తేమ పరుపులోకి దిగుతుంది. కింద చల్లటి నేల తగిలి అక్కడే నీరవుతుంది, గాలాడదు. ఇక్కడ అద్దె ఇళ్ళకి హెల్తీ హోమ్స్ ప్రమాణాలు 2019లో వచ్చాయి, 2025 జూలై 1కల్లా ప్రైవేటు అద్దె ఇళ్ళన్నీ వాటికి లోబడాలి. కానీ 18 డిగ్రీల వేడి అన్న నిబంధన హాలుకే, పడకగదికి కాదు. ఉబ్బసం ఎక్కువగా ఉన్న దేశం ఇది, బూజూ దుమ్ముపురుగులూ రెండూ తేమనే ఇష్టపడతాయి. నాన్నకి అప్పటికే రెండు వారాలుగా దగ్గు. జలుబే అనుకున్నాం. పరుపు పారేసి, పట్టీల మంచం మీద కొత్తది వేశాక దగ్గు తగ్గింది. (పట్టీల మధ్య సందు నాలుగు వేళ్ళకి మించితే పరుపు అందులోకి దిగబడుతుంది, అదీ చూసుకోండి.) పెద్దవాళ్ళకి కొనేటప్పుడు అంచు మీద కూర్చుని లేచి చూడమనండి. అంచు కుంగితే మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి లేవటం నరకం.

ఇంకో చిన్న హెచ్చరిక, ఆస్ట్రేలియా వెబ్‌సైట్లలో కొనేవాళ్ళకి. వాళ్ళ కింగ్ 183 సెంటీమీటర్ల వెడల్పు, మన కింగ్ 167 మాత్రమే. వాళ్ళ కింగ్ మన సూపర్ కింగ్.

చొక్కా కొంటే నూలెంతో పాలిస్టరెంతో చీటీ ఉంటుంది. ఫ్రిజ్ కొంటే కరెంటు ఎంత తాగుతుందో నక్షత్రాలు అంటించక తప్పదు. బిస్కెట్ల పొట్లం మీద సోడియం మిల్లీగ్రాముల్లో రాస్తారు. మన జీవితంలో మూడోవంతు గడిపే వస్తువు మీద ప్రతి పొరకీ మందం, సాంద్రత అన్న రెండంకెలు రాయమంటే కంపెనీలకి అయ్యే ఖర్చు కాస్త సిరా. 1986 నాటి ఫెయిర్ ట్రేడింగ్ యాక్ట్ అబద్ధం చెప్పకూడదంటుంది, ఫలానా సమాచారం చీటీ మీద తప్పనిసరి అని నిబంధనలు పెట్టే అధికారం కూడా దాని కిందే ఉంది. పరుపులకి ఆ నిబంధన తేవాలని నా అభిప్రాయం. అది వచ్చేదాకా మనమే అడగాలి. పదిమంది అడిగితే పదకొండోవాడికి చీటీ మీద కనిపిస్తుందేమో.

నాన్న పరుపు కోసం ఈసారి నేను దుకాణానికి వెళ్ళేముందు నాలుగు కంపెనీలకి ఒకే ఈమెయిలు పంపాను: "ఈ మోడల్లో ప్రతి పొర మందమూ సాంద్రతా ఎంత?" ఒకరు జవాబివ్వలేదు. ఒకరు అది వ్యాపార రహస్యమన్నారు. ఒకరు "అత్యున్నత సాంద్రత" అని విశేషణం పంపారు, అంకె అడిగితే మళ్ళీ అదే విశేషణం పంపారు. నాలుగో కంపెనీవాళ్ళు రెండోరోజుకే నాలుగు వరుసల పట్టిక పంపారు. పై పొర 35, కింది పొర 30, మధ్యరకం గట్టిదనం. ఆ పట్టికతోపాటు బిల్లునీ భద్రపరిచి, కొన్న తేదీని పరుపు అడుగున మార్కరుతో రాశాను. నాన్న దాని మీద నాలుగు రోజులు పడుకుని, "పర్వాలేదురా, మరీ మెత్తగా లేదు" అన్నారు. స్పెయిన్ ప్రస్తావన మళ్ళీ రాలేదు.